లైటు పట్టుకున్న ఆదివారాలు

పళ్ళ డాక్టరు చేతిలో ఓడిపోయిన రోజే నాకు బుద్ధి రావాల్సింది. బుద్ధి రాలేదు, రోషం వచ్చింది. నా విషయంలో ఎప్పుడూ అంతే, రెండూ ఒకేచోట కాపురం ఉండవు.

ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటుంది. నెలకో ఆదివారం ఉదయం కార్ల పిచ్చివాళ్ళం ఓ పాతికమందిమి అక్కడ చేరేవాళ్ళం. ప్లాస్టిక్ కోన్లు పేర్చి రెండు కిలోమీటర్ల మెలికల దారి ఒకటి తయారుచేసుకునేవాళ్ళం. ఒక్కొక్కరే ఆ దారి చుట్టి రావాలి. స్టాప్‌వాచ్ ఎంత చెబితే అంత. నా చిన్న ఎర్ర కారు మొదటిసారి దాన్ని తొంభై ఆరు సెకన్లలో చుట్టింది. నాలుగేళ్ళ తర్వాత, ఆ రోజున, ఎనభై నాలుగు సెకన్లలో చుట్టింది. ఆ పన్నెండు సెకన్లూ మా మామగారూ నేనూ కలిసి సంపాదించినవి.

కారు దిగి విజయగర్వంతో చుట్టూ చూస్తున్నాను. అప్పుడు వచ్చాడు పళ్ళ డాక్టరు. షోరూం నుంచి వచ్చి వారం కాని పెద్ద నల్ల కారు. వెనక సీట్లో కూరగాయల సంచి అలాగే ఉంది, తియ్యడం మర్చిపోయాడట. "గేర్లు అదే మార్చుకుంటుందటండీ, నేను ఊరికే తొక్కితే చాలట" అని నాతోనే చెప్పి, ఊరికే తొక్కాడు. డెబ్భై తొమ్మిది. దిగి సంచిలో టమాటాలు చితికాయేమోనని చూసుకున్నాడు. ఆ చూసుకోవడం నన్ను ఎక్కువ మండించింది.

మామగారు మడత స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నారు. "మనది ఎనభై నాలుగు. పోయిన నెల ఎనభై ఐదు. మంచిదేగా అబ్బాయ్" అన్నారు.

"ఆయనది డెబ్భై తొమ్మిది మామయ్యా! టమాటాలతో!"

"ఆయన కారు ఆయనది. మన తలుపు మీద ఆయన అంకె ఎందుకు?"

మన తలుపు అంటే ఆయన షెడ్డు తలుపు. దాని సంగతి చెప్పాలంటే నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మామగారు ముప్పై ఎనిమిదేళ్ళు పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో, లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ మీద పనిచేశారు. రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత లేత్ పెట్టుకున్నారు. అత్తగారు పోయాక ఆ లేత్ ఆగిపోయింది, దాంతోపాటు ఆయన మాటా ఆగిపోయింది. అడిగితే "ఊఁ" అనేవారు, అడగకపోతే అదీ లేదు. ఆరు నెలలు చూసి చూసి మా ఆవిడ ఒక ఆదివారం నా మీద పడింది.

"నీ కారు తీసుకెళ్ళి నాన్న షెడ్డులో పెట్టు. ఏదో ఒకటి బాగాలేదని చెప్పు."

"అన్నీ బాగానే ఉన్నాయిగా."

"అబద్ధం చెప్పు. ఇన్సూరెన్స్ ఆఫీసులో పొద్దస్తమానం నువ్వు చేసే పని అదేగా."

వెళ్ళాను. ఏం చెప్పాలో తోచక, గేరు రాడ్ పొడుగ్గా ఉంది, మార్చేటప్పుడు చెయ్యి అందడం లేదు అన్నాను. ఆయన కారులో కూర్చుని గేరు అటూ ఇటూ కదిపి చూశారు. వెళ్ళి రంపం తెచ్చి రాడ్ కోశారు. తర్వాత ఎక్కడినుంచో ఒక ఇత్తడి ముక్క తీసి లేత్‌కి బిగించారు. మూడు గంటల తర్వాత, గేరు రాడ్ కొనకి బిగించే ఒక ఇత్తడి గుండు, ఇంకా వెచ్చగా ఉన్నదాన్ని, నా అరచేతిలో పెట్టారు.

"పట్టుకోండి. మీ చేతికి సరిపోయిందా?"

సరిపోయింది. ఆ మాటే చెప్పాను.

"ఇంకేమన్నా బాగాలేదా?" అన్నారు.

ఆరు నెలల్లో ఆయన తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. బాగాలేనివి ఇంకా చాలా ఉన్నాయని చెప్పాను.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం తొమ్మిదింటికల్లా నేను షెడ్డులో ఉండేవాణ్ణి. ఇంజిన్ గాలి పీల్చే గొట్టం ఇరుకుగా ఉందని అల్యూమినియంతో కొత్తది చేశారు. సైలెన్సర్ విప్పి లోపల అడ్డాలు మార్చారు. దాంతో కారుకి ఒక గొంతు వచ్చింది. అరుపు కాదు, కొంచెం జలుబు చేసిన మనిషి గొంతులాంటిది. స్ప్రింగులు పొట్టివి వేశారు, చక్రాల కీళ్ళలో ఉండే బుష్‌లు గట్టి నైలాన్‌తో లేత్ మీద స్వయంగా చేశారు. ఇంజిన్ చివర తిరిగే ఫ్లైవీల్ చక్రం బరువు తగ్గించడానికి గేర్‌బాక్స్ మొత్తం దింపితే మూడు ఆదివారాలు పట్టింది. రన్‌వే నుంచి రాగానే ఆ నెల వచ్చిన సెకన్లు షెడ్డు తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసేవారు. తొంభై ఆరు కింద తొంభై మూడు, దాని కింద తొంభై ఒకటి.

ఈ పనిలో నా వాటా ఏమిటంటే, లైటు పట్టుకోవడం. నిజంగా అంతే. షెడ్డులో పట్టపగలు కూడా చీకటే, బోనెట్ కింద మరీను. పైనుంచి కొక్కేనికి వేలాడే మంచి లైటు ఒకటుంది. దాన్ని ఆయన ఒక్కరోజూ వెలిగించలేదు. "అది ఉన్నచోటే ఉంటుంది. నా కన్ను ఎటు పోతుందో దానికెలా తెలుస్తుంది? మనిషికి తెలుస్తుంది" అనేవారు. ఫ్యాక్టరీలో ఆయన నేర్చుకున్న పద్ధతట అది. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు చేతిలైటు పట్టుకుని, చెయ్యి వెళ్ళబోయే చోటుకి ఒక్క క్షణం ముందే వెలుగు పంపాలి. నా ఆలోచన ఆఫీసు మీదికి పోయిందంటే లైటు పక్కకి జరిగేది. ఆయన తల ఎత్తకుండానే కనిపెట్టేసేవారు.

"అబ్బాయ్, లైటు కదిలిపోతోంది."

రెండో నెలకల్లా 'అల్లుడుగారు' పోయి 'అబ్బాయ్' వచ్చింది. లైటు పట్టుకున్న మనిషితో ఆయన మాట్లాడేవారు, నా మొహం చూడకుండా, బోల్టుతో చెబుతున్నట్టుగా. మా ఆవిడ పుట్టిన నాడు కంగారులో ఒక పంపు షాఫ్టు పాడుచేసి, ఎవరికీ తెలియకుండా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశారట. షెడ్డు తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టే ఇనుప కడ్డీ అదే. అత్తగారు ఆఖరి నెలలో, ఈయన వినకూడదని, మంచం మీద దిండులో మొహం పెట్టుకుని ఏడ్చిందట. ఈయన గుమ్మం అవతల నిలబడి విని, విననట్టు టీ పెట్టారట. ఈ సంగతి చెప్పినప్పుడు చేతిలో స్పానర్ ఆగింది. నేను లైటు కదపలేదు. నా నాలుగేళ్ళ పనిలో నేను గర్వపడేది ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇంటికొచ్చి మా ఆవిడకి ఇవన్నీ చెప్పేవాణ్ణి. "ఇరవై ఏళ్ళలో నాతో మాట్లాడనివన్నీ నీ కారుతో మాట్లాడేస్తున్నారు" అనేది, సగం నవ్వుతూ, సగం ఉడుక్కుంటూ.

ఇదీ ఆ ఎర్ర కారు. దాన్ని తీసుకుని పళ్ళ డాక్టరు చేతిలో ఓడి ఇంటికొస్తూ నేనన్న మాట ఇది: "మనం ఎన్ని తిప్పలు పడ్డా ఇది చౌక కారే మామయ్యా. దీని పుట్టుకే అంత. ఎంత చేసినా దండగ."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. "పోనీ ఈ నెల బ్రేకులు చూద్దాం" అన్నారు. నా చేతి కింద ఆ ఇత్తడి గుండు ఉంది. దండగ అంటున్నంతసేపూ దాని మీదే చెయ్యి పెట్టుకుని ఉన్నాను.

నెల తిరక్కుండా షోరూం చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. డాక్టరు కారుకంటే ఒక మెట్టు పైది చూశాను. మా ఆవిడ అడ్డం చెప్పలేదు. నా ముచ్చట్లకి అడ్డం చెప్పడం ఆవిడ ఎప్పుడో మానేసింది. ఒక్క మాట మాత్రం అంది.

"కారు అమ్ముకో. ఆదివారాలు మాత్రం అమ్మకు."

"ఆదివారాలు ఎక్కడికి పోతాయి? కొత్త కారు కూడా ఆయనే చూస్తారు" అన్నాను. నమ్మే అన్నాను. అదే నా తెలివి.

మార్పులు చేసిన కారుని అమ్మడం కష్టం. కొనేవాడు బోనెట్ ఎత్తి, చేత్తో చేసిన గొట్టం చూడగానే బెదిరిపోతాడు. అందుకే అమ్మేముందు అంతా విప్పేసి, కంపెనీ సామాను తిరిగి బిగించి అమ్ముతారు. కార్ల పిచ్చివాళ్ళందరం చేసే పనే. మామగారు విప్పిన ప్రతి కంపెనీ భాగాన్నీ నూనె గుడ్డలో చుట్టి, చీటీ కట్టి, అటక మీద దాచారని నాకు తెలుసు. కాబట్టి షెడ్డుకి వెళ్ళి, ఎంతో తేలిగ్గా అడిగాను.

"అన్నీ విప్పేసి పాతవి బిగించాలి మామయ్యా."

"అన్నీనా?"

"అన్నీ."

ఊళ్ళో వంద మంది మెకానిక్‌లు ఉన్నారు. ఎవడైనా రెండు రోజుల్లో చేసేవాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన చేసింది ఆయనకే బాగా తెలుసు కదా, ఆయనైతేనే జాగ్రత్తగా విప్పుతారు అనుకున్నాను. నాలుగేళ్ళు కట్టిన చేతులతోనే కూల్చమని అడుగుతున్నానని, ఆ షెడ్డులో నిలబడి కూడా నాకు తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

విప్పడానికి రెండు ఆదివారాలు పట్టింది. రెండో ఆదివారం షోరూం వాళ్ళు సీట్ల రంగు గురించి ఫోన్ చేశారు. చేతిలైటు బెంచీ మీద పెట్టి బయటికొచ్చాను. నలుపా, ముదురు గోధుమా అని అరగంట మాట్లాడాను. తిరిగి లోపలికొచ్చేసరికి షెడ్డంతా వెలుగు. కొక్కేనికి వేలాడే లైటు వెలుగుతోంది.

"అయ్యో, నేను పడతాను మామయ్యా" అని చేతిలైటు తీశాను.

"పర్లేదండీ. విప్పడానికి అంత వెలుతురు అక్కర్లేదు" అన్నారు.

ఆ 'అండీ' విన్నాను. విని, పని ధ్యాసలో ఉన్నారులే అనుకున్నాను. చివరికి గుట్టగా పోసిన సామాను చూపించి, "వీటినేం చేయమంటారు?" అని అడిగారు. నా దృష్టి ఇంకా సీట్ల రంగు మీదే ఉంది. "పాత ఇనుము వాడికి ఇచ్చేయండి మామయ్యా, చోటైనా కలిసొస్తుంది" అన్నాను. ఆయన తల ఊపి చేతులు తుడుచుకున్నారు.

ఎర్ర కారుని ఒక నర్సు కొనుక్కుంది. ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళి రావడానికట. ఆవిడ వచ్చిన రోజు నేను షోరూంలో కొత్త కారు పక్కన ఫోటో దిగుతున్నాను. తాళాలు మామగారే ఇచ్చారు.

అటునుంచి అటే కొత్త నల్ల కారుని షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, బోనెట్ ఎత్తమన్నారు. లోపల ఇంజిన్ కనపడదు. మొత్తం కప్పేస్తూ నున్నటి నల్ల ప్లాస్టిక్ మూత. ఆయన దాని అంచు వెంబడి వేళ్ళతో తడిమారు, ఎక్కడ బోల్టు ఉందా అని. ఒక మూల కొంచెం పైకి లేవదీయబోయారు.

"అది విప్పకూడదు మామయ్యా! వారంటీ పోతుంది!"

అంత గట్టిగా అనాలని కాదు. నోటినుంచి అలా వచ్చేసింది. వేడి గిన్నె తగిలినట్టు ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బోనెట్ నెమ్మదిగా దించి, "చాలా బాగుందండీ. మనం చేయడానికి ఏమీ మిగల్చలేదు వాళ్ళు" అన్నారు.

ఆ నెల రన్‌వే మీద డెబ్భై ఏడు వచ్చింది. డాక్టరుని ఓడించాను. ఆయన వచ్చి చెయ్యి కలిపి, "భలే కారండీ" అన్నాడు. భలే నడిపారు అనలేదు. అనడానికి నేను చేసిందేముంది, నేనూ ఊరికే తొక్కాను. మామగారి కోసం అలవాటుగా వెనక్కి చూశాను. మోకాలు నొప్పని ఆ రోజు రాలేదు. ఫోన్ చేసి చెబితే "సంతోషమండీ" అన్నారు. మర్నెల ఇంకెవరో డెబ్భై నాలుగుతో వచ్చారు. దానికంటే పైకారు కొనే శక్తి నాకు లేదు, ఉన్నదాన్ని విప్పే వీలూ లేదు. మెల్లగా వెళ్ళడం మానేశాను.

ఆదివారాలూ ఆగిపోయాయి. మొదట్లో రెండు మూడుసార్లు ఊరికే వెళ్ళాను. ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం. ఆయన వాన గురించి అడిగారు, నేను మోకాలి గురించి అడిగాను. చేతులు ఖాళీగా ఉంటే మా ఇద్దరికీ మాటలు రావని తెలిసింది. తర్వాత ఆయనే మా ఆవిడతో, ఆదివారాలు ఫ్యాక్టరీ పాత స్నేహితులతో గడుపుతున్నానని చెప్పారట. "పోనీలే, ఎవరో ఒకరు దొరికారు" అని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. మా ఆవిడ నా వంక అదోలా చూసింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగాను. ఆకుపచ్చ దీపం పడగానే పక్క వరుసలోంచి ఒక కారు ముందుకెళ్ళింది. కొంచెం జలుబు చేసినట్టున్న ఆ గొంతు ఎక్కడున్నా గుర్తుపడతాను. ఎర్ర కారు. నా కళ్ళముందే ఆ సైలెన్సర్ విప్పి పక్కన పడేశారు. అది పాత ఇనుములో కరిగిపోయి ఉండాలి. వెనకాల హారన్లు మోగుతున్నా నేను కదల్లేకపోయాను.

ఆ వచ్చే ఆదివారం తొమ్మిదింటికి, ఎవరికీ చెప్పకుండా షెడ్డుకి వెళ్ళాను. కారు వీధి చివర ఆపి నడిచి వెళ్ళాను. ఎందుకో, ఆ నల్లదాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళాలనిపించలేదు.

షాఫ్టు కడ్డీ అడ్డం పెట్టి తలుపు తెరిచే ఉంచారు. ఎర్ర కారు బోనెట్ ఎత్తి ఉంది. మామగారు నడుము దాకా లోపలికి వంగి ఉన్నారు. పక్కన నర్సు, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం మీద పాత చొక్కా ఒకటి తొడుక్కుని, రెండు చేతులతో చేతిలైటు పట్టుకుని ఉంది. ఆయన చెప్పుకుపోతున్నారు. "...నేను గుమ్మం అవతల నిలబడి ఉన్నానమ్మా. లోపలికి వెళ్తే ఆవిడకి నామోషీ. అందుకని వెళ్ళి టీ పెట్టాను." ఆ అమ్మాయి వింటోంది. లైటు కదపలేదు.

అలికిడికి ఆవిడే ముందు చూసింది. మామగారు కూడా తల తిప్పి చూసి, "రండి రండి అల్లుడుగారూ!" అన్నారు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఆయన కంగారుపడలేదు. కంగారు నాదే.

"అమ్మాయి మొదటి వారమే వచ్చింది, గేరు గట్టిగా పడుతోందని. చూద్దాంలే అన్నాను" అని చెప్పారు. "సామాను ఇచ్చెయ్యడానికి చేతులు రాలేదండీ. ఉందిగా అని, ఒక్కొక్కటే మళ్ళీ బిగిస్తున్నాం. మీరేమీ అనుకోరుగా?"

నేనేమనుకుంటాను! లేదన్నాను. తలుపు వంక చూశాను. నా అంకెలు చెరిపెయ్యలేదు. ఎనభై నాలుగు దగ్గర ఆగిపోయి అలాగే ఉన్నాయి. వాటి పక్కన కొత్త వరుస మొదలైంది: తొంభై రెండు, ఎనభై తొమ్మిది, ఎనభై ఐదు.

"రన్‌వే మీద మనకంటే బాగా నడుపుతుందండీ" అన్నారు మామగారు, సంతోషంగా. నన్ను నొప్పించడానికి కాదు. ఆయనకి అలాంటి బుద్ధి లేదు. అందుకే అది నేరుగా వచ్చి తగిలింది.

ఆయన మళ్ళీ వంగారు. గాలి గొట్టం బిగిస్తున్నారు. ఆ బోల్టు ఎక్కడ మొండికేస్తుందో నాకు తెలుసు. వెలుగు ఎడమనుంచి, కొంచెం కిందనుంచి పడాలి. నా చేతులు ఊరుకోలేకపోయాయి. "ఒక్కసారి ఇటివ్వండి, నేను పడతాను" అన్నాను నర్సుతో. ఆవిడ మర్యాదగా లైటు నా వైపు జరపబోయింది.

"కదపకమ్మా, లైటు కదిలిపోతోంది" అన్నారు మామగారు, తల ఎత్తకుండానే.

ఆవిడ చప్పున సర్దుకుంది. వెలుగు ఎడమనుంచి, కొంచెం కిందనుంచి పడింది. ఆవిడకీ తెలుసు. నేను ఇంకొంచెంసేపు అక్కడే నిలబడి, ఎవరూ అడగకపోయినా, పనుందని చెప్పి వచ్చేశాను.

మామగారింటి నుంచి మా ఇంటికి ఎర్ర కారులో పది నిమిషాలు పట్టేది. నల్ల కారులోనూ అంతే. మధ్యలో ఉన్న సిగ్నళ్ళు మారలేదుగా.

గుమ్మంలోకి అడుగు పెట్టగానే మా ఆవిడ నా చొక్కా వాసన చూసింది. షెడ్డులోని నూనె వాసన దానికి అంటుకుంది.

"నాన్న దగ్గరికి వెళ్ళావా?" అంది. ఆవిడ మొహం అంతలా వెలగడం చూసి చాలా రోజులైంది. "మాట్లాడారా?"

"మాట్లాడారు."

"ఏమన్నారు?"

"లైటు కదిలిపోతోందన్నారు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వుతూనే కొంగుతో అద్దుకుంది. "హమ్మయ్య, మళ్ళీ మొదలెట్టారన్నమాట ఇద్దరూ" అంది.

ఎవరితో అన్నారో చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను, మీ ఇద్దరికీ టీ నేనే పెడతాను" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.